హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు కొండవాలు మీద మేకల్ని మేపిస్తామంటున్నారు, కార్చిచ్చుకి ఇది నిజంగా పనిచేస్తుందా?

ఎల్డొరాడో_శేఖర్

మేముండేది కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఎల్డొరాడో హిల్స్‌లో. ఇంటి వెనక ఫెన్స్ దాటితే కమ్యూనిటీ వాళ్ల ఖాళీ స్థలం, కొండవాలు, అక్కడక్కడా ఓక్ చెట్లు, మిగతాదంతా గడ్డే. జనవరిలో చూస్తే కోనసీమలా పచ్చగా ఉంటుంది, మే నెలాఖరుకల్లా నడుం ఎత్తు ఎండుగడ్డి, మధ్యలో పసుప్పచ్చ పూల ముళ్లమొక్కలు, కింద ఏ చెట్టు దగ్గర చూసినా పాయిజన్ ఓక్. 2021లో కాల్డోర్ ఫైర్ ఇదే కౌంటీలో మొదలై 2,21,000 ఎకరాలకు పైగా కాల్చేసింది, గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే ఊరు దాదాపు మిగల్లేదు. మా వరకు పొగే వచ్చింది, కానీ అప్పట్నుంచి ఎండాకాలం మొదలైతే చాలు ఇంట్లో అందరికీ టెన్షన్.

ఇన్నాళ్లూ హెచ్‌ఓఏ వాళ్లు మనుషుల్ని పెట్టి మెషిన్లతో గడ్డి కోయించేవారు. ఈసారి మేకల మంద తెచ్చి మేపిస్తామంటున్నారు. మీటింగ్‌లో పెద్ద గొడవే అయింది. ఒకాయన కంపు కొడుతుందంటాడు, ఒకావిడ పిల్లలకి సరదాగా ఉంటుందంటుంది, ఇంకొకాయన ఇదంతా ఫోటోల కోసం చేసే షో అని తేల్చేశాడు. మా వరసలో ఒకరికి ఇన్సూరెన్స్ కంపెనీ ఈ ఏడాది పాలసీ రెన్యూ చెయ్యనని లెటర్ పంపింది, అందుకని ఆయన మేకలొస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ఊరుకుంటారా అని అడుగుతున్నాడు. నేను బోర్డులో ఉన్నాను కాబట్టి వచ్చే మీటింగ్‌లో ఓటెయ్యాలి. మా తాతగారి ఊళ్లో మేకల్ని చూసిన అనుభవం తప్ప నాకేమీ తెలీదు. మీ కమ్యూనిటీల్లో ఎవరైనా చేయించారా? ఖర్చెంత, ఏం చూసుకోవాలి, అసలు మంట ఆగుతుందా?

శాన్‌రామోన్_వాసి

శేఖర్ గారూ, మా వైపు ఇది కొత్తేమీ కాదు. ఈస్ట్ బే రీజనల్ పార్క్ వాళ్లు ఇక్కడి కొండల మీద ఏళ్ల తరబడి ఆవులు, గొర్రెలు, మేకలు మూడింటినీ మేపిస్తున్నారు. 1991లో ఓక్లండ్ కొండల్లో మంటలొచ్చి 25 మంది చనిపోయారు, ఆ తర్వాత ఇళ్ల పక్కన తుప్పలు పెరగనివ్వకూడదని అందరికీ బాగా ఎక్కింది. మా కమ్యూనిటీ కూడా ఇంటి వెనక వాలు మీద మేకల్ని పెట్టిస్తుంది.

కంపు సంగతి ముందు చెప్తాను, అదే కదా అందరి బాధ. మంద ఉన్నన్ని రోజులు గాలి ఇటు తిరిగితే వాసన వస్తుంది, మంద వెళ్లాక రెండు మూడు రోజుల్లో పోతుంది. పెంటికలు ఎండిపోయి మట్టిలో కలిసిపోతాయి. నన్నడిగితే మెషిన్ల మోత కంటే ఇదే నయం.

వచ్చినప్పుడు ఒకసారి దగ్గర నిలబడి చూడండి. కాపరి ముందు రోజే వచ్చి వాలు చుట్టూ కరెంటు వల కడతాడు, దానికి చిన్న సోలార్ పలక ఉంటుంది. లోపలికి వదలగానే మేకలు గడ్డి జోలికి పోవు, ముందు పొదల మీద పడతాయి. వెనక కాళ్ల మీద లేచి ముందరి కాళ్లు కొమ్మకి ఆనించి, మన ఛాతీ ఎత్తు దాకా ఆకంతా దూసేస్తాయి. మనం ముట్టుకుంటే ఒళ్లంతా బొబ్బలెక్కే పాయిజన్ ఓక్‌ని గోంగూర తిన్నట్టు తినేస్తాయి, వాటికేమీ కాదు. కానీ ఆ ఆకు జిడ్డు వాటి బొచ్చుకి అంటుకుని ఉంటుంది, పిల్లలు నిమిరితే మన పిల్లలకి దద్దుర్లు వస్తాయి. ఈ మాట నోటీసులో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఖర్చు స్థలాన్ని బట్టి. ఈ ప్రాంతంలో ఎకరాకి ఐదొందల నుంచి పదిహేను వందల డాలర్ల దాకా అడుగుతారు. చిన్న ముక్కలకి రేటు ఎక్కువ పడుతుంది, ఎందుకంటే మందని లారీలో తేవడం, వల కట్టడం ఎంత చిన్న స్థలానికైనా తప్పదు. నాలుగు చోట్ల చిన్న చిన్న ముక్కలుంటే పక్క కమ్యూనిటీతో కలిసి మాట్లాడుకోండి. రెండు మూడొందల మేకలుంటే రోజుకి ఓ ఎకరం అవుతుందని లెక్కేసుకోవచ్చు, తుప్ప దట్టంగా ఉంటే ఇంకా తగ్గుతుంది.

కాంట్రాక్టులో ఇన్ని రోజులు మేపుతాం అని రాస్తే ఒప్పుకోకండి. మందని తీసే రోజుకి గడ్డి ఎంత ఎత్తు మిగలాలి, పొదలు ఎంతవరకు తినేసి ఉండాలి అన్నది రాయించండి. మేకలు వదిలేసిన కాడలు, ఎండుపుల్లలు ఎవరు కొట్టాలన్నది కూడా. మేకలు ఎండిన కట్టె తినవు కదా, వాటి వెనక మనుషులు వెళ్లి కొంత పని చెయ్యాల్సిందే. నీళ్ల కుళాయి మీరే చూపించాలి.

శాంటారోజా_రవి

అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను కొంచెం నీళ్లు చల్లుతాను, ఏమనుకోకండి.

2017 అక్టోబర్‌లో టబ్స్ ఫైర్ వచ్చినప్పుడు మంటలు ఆరు లేన్ల 101 హైవే దాటి ఇవతలున్న కాఫీ పార్క్ కాలనీని పట్టుకున్నాయి. తుప్పలూ అడవీ ఏమీ లేని మామూలు కాలనీ అది, వెయ్యికి పైగా ఇళ్లు పోయాయి. మధ్యలో ఉన్నది తారు రోడ్డు. తారు రోడ్డే ఆపలేనిది మేకలు మేసిన పట్టీ ఎలా ఆపుతుంది? గాలి తోడైతే నిప్పురవ్వలు ఎక్కడో లేచి ఎక్కడో పడతాయి. అటక గాలి రంధ్రాల్లోకి దూరతాయి, చూరు కింద గట్టర్‌లో ఎండాకులు ఉంటే వాటిని అంటుకుంటాయి, ఇంటి గోడకి ఆనించి వేసిన చెక్క ముక్కల మల్చ్ మీద పడతాయి. పెద్ద గాలిమంటల్లో చాలా ఇళ్లు కాలేది ఎదురుగా వచ్చిన మంటతో కాదు, ఈ రవ్వలతోనే.

కాబట్టి హెచ్‌ఓఏ డబ్బులు ముందు ఎక్కడ పెట్టాలి అన్నది అడగండి. గోడ నుంచి మొదటి ఐదు అడుగుల్లో కాలేది ఏదీ లేకుండా చూసుకోవడం, అటక రంధ్రాలకి అంగుళంలో ఎనిమిదో వంతు కన్నాల లోహపు జాలీ వెయ్యడం, ఇంటికి తగిలే చెక్క ఫెన్స్ ముక్కని తీసి ఇనుపది పెట్టడం. ఇవి చేస్తే ఎవరూ ఫోటోలు తియ్యరు, అందుకే ఎవరూ మాట్లాడరు. మా వీధిలో ఇంటికి ఆనించి కట్టెల మోపు పేర్చుకుని, కొండ మీద మేకలొచ్చాయని వీడియోలు తీసుకునేవాళ్లున్నారు.

పశువైద్యం_లక్ష్మి

రవి గారు చెప్పింది నిజమే కానీ రెండింటినీ పోటీ పెట్టక్కర్లేదు. మేకలు మంటని ఆపవు, మంట ఎత్తు తగ్గిస్తాయి. ఫైర్ సిబ్బంది పలుగు పార పట్టుకుని దగ్గరికెళ్లి పని చెయ్యాలంటే మంట నాలుగు అడుగుల లోపు ఉండాలి. అది దాటితే మనుషులు పక్కకి తప్పుకుని బుల్‌డోజర్లు, ఇంజన్లు రావాలి. నడుం ఎత్తు ఎండుగడ్డి గాలికి ఆ ఎత్తు సునాయాసంగా దాటేస్తుంది. అదే గడ్డిని చీలమండ ఎత్తుకి దించితే సిబ్బందికి నిలబడే చోటు దొరుకుతుంది. ఇక కింద పొద, దాని మీద వాలిన కొమ్మ, ఆ పైన చెట్టు, ఇలా మంట మెట్లెక్కినట్టు పైకి పోతుంది. మేకలు ఆ కింది మెట్లు తీసేస్తాయి.

2019లో సిమీ వ్యాలీలో రీగన్ లైబ్రరీ దగ్గర జరిగింది ఇదే. మే నెలలో 500 మేకలతో చుట్టూ 13 ఎకరాలు మేపించారు, అక్టోబర్ నెలాఖరులో ఈజీ ఫైర్ ఆ కొండ మీదికి వచ్చింది, భవనం దక్కింది. ఆ మేపిన పట్టీ మాకు బాగా ఉపయోగపడిందని అక్కడ పనిచేసిన ఫైర్ సిబ్బందే అన్నారు. అయితే ఆ రోజు నేల మీద సిబ్బంది, పైన హెలికాప్టర్లు కూడా ఉన్నాయి, మేకలొక్కటే కాపాడాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో మాట, మేకలే ఎందుకు? అందరూ మేకల వెంట పడతారు గానీ శేఖర్ గారి వాలు చాలావరకు గడ్డి అంటున్నారు. గడ్డికి గొర్రె మేలు, పెద్ద విస్తీర్ణమైతే ఆవు. మేక ఆకుమేత జంతువు, పొద ఉన్నచోట దాన్ని మించింది లేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ విస్తరణ విభాగం వాళ్లు లెక్కేస్తే 2017 ఒక్క ఏడాదిలో ఈ రాష్ట్రంలో ఆవులు మేసేసిన గడ్డి 1,160 కోట్ల పౌండ్లు తేలింది. అదంతా లేకపోతే ఎండి నిలబడి ఉండేది. ఎవరూ ఫోటో తియ్యని ఆవులే అసలు పని ఎక్కువ చేస్తున్నాయి. మీరు గొర్రెలూ మేకలూ కలిపిన మంద అడగండి, చాలామంది దగ్గర ఉంటుంది.

టైమింగ్ దీనికి ప్రాణం. ఫిబ్రవరిలో మేపితే తర్వాతి వానలకి మళ్లీ లేస్తుంది, డబ్బులు దండగ. జూలైలో మేపితే గడ్డి ఎండిపోయి విత్తనం రాలిపోయి ఉంటుంది, జీవాలు ఆ ఎండుది ఇష్టంగా తినవు, ఈలోపు ప్రమాదకాలం మొదలైపోతుంది. మీ దగ్గరైతే ఏప్రిల్ చివర, మే. అందరికీ అప్పుడే కావాలి కాబట్టి చలికాలంలోనే బుక్ చేసుకోవాలి. మీరన్న పసుపు పూల ముళ్లమొక్కని గొర్రె, ఆవు ముల్లు రాకముందైతేనే తింటాయి, మేక ముల్లు వచ్చాక కూడా తింటుంది. అడుగున ఉన్న పాత ఎండు చెత్తని మాత్రం ఏదీ ముట్టదు.

మితిమీరి మేపినా నష్టమే. నిటారు వాలు మీద నేల కనిపించేదాకా నాకించేస్తే మొదటి వానకే మట్టి జారుతుంది. అసలైన షాపరాల్ పొదల్ని (ఇక్కడి కొండల మీద సహజంగా పెరిగే గట్టి పొదలు) ఏడాదికోసారి అదే పనిగా నరికినా మేపినా ఆ పొద చచ్చిపోయి దాని చోట ఏకవార్షిక గడ్డి వస్తుంది, అది పొద కంటే త్వరగా అంటుకుంటుంది. ఇళ్ల పక్కన పట్టీ వరకు సరే, కొండంతా కాదు. మీ పక్కన పైన్ హిల్ అరుదైన మొక్కల సంరక్షణ స్థలం కూడా ఉంది, హద్దులు ముందే చూసుకోండి. నేల మీద గూళ్లు పెట్టే పిట్టలకి కూడా అది గుడ్లు పెట్టే కాలమే, గూళ్లున్న చోటు వదిలేసి వల కట్టమనాలి.

ఇంకొకటి, ఫెన్స్ మీంచి పిల్లలు బ్రెడ్డు ముక్కలు, అన్నం వెయ్యకుండా చూడండి. మన ఊళ్లలో పెళ్లివారింట్లో మిగిలిన అన్నం తిని గేదెలు పొట్ట ఉబ్బి చచ్చిపోవడం చూసే ఉంటారు. మేకకీ అంతే, పిండి పదార్థం ఒక్కసారిగా పడితే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది.

బిర్యానీ_బ్యాచ్

సీరియస్ చర్చ మధ్యలో వచ్చాను, క్షమించాలి. మేత అయిపోయాక వాటిలో ఒకటి రెండు అమ్ముతారా? రంజాన్ టైమ్‌కి, దసరాకి మా గ్రూపులో డిమాండ్ ఉంది 😀

శాన్‌రామోన్_వాసి

@బిర్యానీ_బ్యాచ్ అవి ఉద్యోగస్తులండీ, ఏడాది పొడవునా కాంట్రాక్టులున్నాయి. అడిగి చూడండి, కాపలా కుక్క మీకు సమాధానం చెప్తుంది. తెల్లగా దూడంత ఉంటుంది, కొయోటీల (నక్కల్లాంటి జంతువులు) కోసం పెట్టింది.

పాలమూరోడు

మాది మహబూబ్‌నగర్ వైపు, గొర్ల కాపర్ల ఇల్లు. మా పెద్దోళ్లు ఎండాకాలం మందతో వలసపోయేటోళ్లు. కోతలైన పొలంల రాత్రి మంద పెడితే ఎరువు పడతదని రైతు పైసలో వడ్లో ఇచ్చేది. ఇక్కడ చూస్తే గడ్డి మాయం చేసినందుకు పైసలిస్తున్నరు. పద్ధతి వేరైనా కాపరికి కూలి గిట్టాలి కదా, ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు ఈ థ్రెడ్‌ల.

కాలిఫోర్నియాల ఈ మందల వెంట ఉండేటోళ్లు చాలామంది పెరూ దేశం నుంచి హెచ్-2ఏ వీసా (తాత్కాలిక వ్యవసాయ కూలీలకిచ్చేది) మీద వచ్చినోళ్లు. ఒక్కడే మనిషి, చిన్న ట్రైలర్, రెండు మూడు కుక్కలు, వాలు మీద వందల జీవాలు. రాత్రి ఎక్కడన్న వల పడిపోతే లేవాల్సింది ఆయనే. ఇరవై నాలుగు గంటలు డ్యూటీలున్నట్టే, దానికి ఓవర్‌టైం ఎట్ల లెక్కగట్టాలన్న గొడవ ఆ రాష్ట్ర శాసనసభ దాకా పోయింది. గంటల లెక్కన ఇస్తే మాకు గిట్టదని మందల ఓనర్లు, ఇయ్యకపోతే మనిషి ఎట్ల బతుకుతడని ఇంకో పక్క. ఎకరాకి మరీ తక్కువ కోట్ వచ్చిందంటే ఆ తగ్గింది ఎవరి జేబుల నుంచో అడగండి. వీసాల గురించి రోజూ మాట్లాడుకునే మనకి ఇది అర్థం కావాలె.

ఇంకో సంగతి. నల్లమలల ఏటా ఫిబ్రవరి నుంచి మంటలే. 2014 మార్చిల శేషాచలం అడవి అంటుకుని తిరుమల దాకా వస్తదేమోనని హెలికాప్టర్లతో నీళ్లు చల్లిన్రు. మరి అక్కడ మా జీవాలని ఎందుకు పెట్టరు? అడవిలకి మేకలు పోతే కేసులు పెడ్తరు.

ఆత్మకూరు_రిటైర్డ్

పాలమూరు తమ్ముడికి నమస్తే. అటవీ శాఖలో చాలాకాలం నల్లమల పక్కనే ఉద్యోగం చేశాను కాబట్టి చెప్తున్నాను. అక్కడ కాలేదీ ఇక్కడ కాలేదీ ఒకటి కాదు. మన అడవి ఆకురాల్చే అడవి, మాఘం ఫాల్గుణం వచ్చేసరికి నేలంతా ఎండాకు పరుచుకుని ఉంటుంది. నిప్పు పాకేది ఆ రాలిన ఆకు మీద, దానికి తోడు బోద గడ్డి మీద. బోద గడ్డి లేతగా ఉంటే పశువు తింటుంది, ఎండిన టేకాకు ఏ మేకా తినదు. పైగా మేక ముందు తినేది లేత మొలకల్ని, అంటే రేపటి అడవిని. శాఖ వాళ్లకి మేక మీద కోపం అక్కడ నుంచే వచ్చింది. అందుకే అక్కడ వేసవికి ముందే ఫైర్‌లైన్లు (నిప్పు దాటకుండా ఖాళీ పట్టీలు) గీసి, ఆకు ఊడ్చి, తగలబెట్టి శుభ్రం చేస్తారు.

నిప్పు పెట్టేది కూడా ఎక్కువగా మనిషే. తునికాకు బాగా చిగురించాలని కొందరు, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలని కొందరు, కొత్త గడ్డి లేస్తుందని కొందరు కాపర్లు, బీడీ ముక్క పారేసి పోయేవాళ్లు కొందరు. అయితే అడవి అంచు ఊళ్ల దగ్గర, బీడు భూముల్లో, ఫైర్‌లైన్ల మీద పెరిగే గడ్డి వరకు పశువుల్ని పద్ధతిగా మేపిస్తే లాభమే ఉంటుందని నా అభిప్రాయం. స్పెయిన్‌లో అండలూసియా ప్రభుత్వం అదే చేస్తోంది, ఫైర్‌బ్రేక్ పట్టీల మీద మేపే కాపర్లకి డబ్బిస్తుంది, గడ్డి ఎంతవరకు తగ్గిందో అధికారులు వచ్చి చూసి దాన్ని బట్టి చెల్లిస్తారు. కాటలోనియాలో అలాంటి మందల మాంసం, జున్ను మీద ప్రత్యేక ముద్ర వేసి అమ్ముతారు. కాపరిని దొంగలా కాకుండా పనివాడిలా చూస్తే మన దగ్గర కూడా సగం తగాదాలు తీరతాయి, కానీ నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట అంటే పైవాళ్లు నవ్వేవారు.

ఎల్డొరాడో_శేఖర్

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మా పాత కాంట్రాక్టర్‌తో మాట్లాడాను. ఆ వాలు మీద రాళ్లెక్కువ, బ్లేడు రాయికి తగిలి నిప్పు రాజుకుంటుందని ఎండాకాలంలో పొద్దున పదిలోపే కోస్తామంటున్నాడు, అందుకే పని సాగదు. కాబట్టి నిటారు ముక్కకి గొర్రెలూ మేకలూ కలిపిన మంద, చదునుగా ఉన్న చోట మెషిన్, ఇదీ నేను బోర్డు ముందు పెట్టబోయేది. పాలమూరు అన్న చెప్పిన కూలి ప్రశ్న కూడా కోట్లు అడిగేటప్పుడే పెడతాను.

రవి గారూ, మీ ఐదు అడుగుల మాట మీటింగ్‌లో ఎత్తితే మా పక్కాయన రోజ్‌మేరీ పొదలు పీకేయాలా అని పోట్లాటకొచ్చాడు. మా పెరడు వెనక ముప్పై అడుగులే ఉంది. చట్టం ఇంటి చుట్టూ 100 అడుగులు శుభ్రం చెయ్యమంటుంది కానీ అది మన హద్దు వరకే, మిగతా డెబ్బై హెచ్‌ఓఏ స్థలం. వాళ్లు చెయ్యకపోతే నేను చేసింది సగమే.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకో ప్రశ్న, కింద రోడ్డు పక్కన వరసగా గన్నేరు కంచె ఉంది, బాగా ఎత్తుగా పెరిగింది. మందకి దానివల్ల ఏమైనా ఇబ్బందా?

శాంటారోజా_రవి

రోజ్‌మేరీలో నూనె ఉంటుంది, గోడకి ఆనుకుని ఉంటే పీకాల్సిందే, ఆయన్ని పోట్లాడనివ్వండి. ఇన్సూరెన్స్ విషయం: 2022 నుంచి ఈ రాష్ట్రంలో రూల్ ఉంది, ఇంటికీ కమ్యూనిటీకీ ఇలాంటి జాగ్రత్తలు తీసుకుంటే కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి. ఫైర్‌వైజ్ (కార్చిచ్చు జాగ్రత్తలు తీసుకునే) కమ్యూనిటీగా గుర్తింపు తెచ్చుకుంటే అది కూడా లెక్కలోకి వస్తుంది, మేకల ఖర్చు బిల్లులు ఆ దరఖాస్తులో చూపించుకోవచ్చు. కానీ తగ్గింపు ఇవ్వాలనే ఉంది, పాలసీ తప్పకుండా రెన్యూ చెయ్యాలని ఆ రూల్‌లో లేదు. మీ పక్కింటాయనకి ఆ ఆశ పెట్టకండి.

పశువైద్యం_లక్ష్మి

శేఖర్ గారూ, గన్నేరు అడిగి మంచి పని చేశారు. అది మేకకి విషం, కొన్ని ఆకులు చాలు గుండె ఆగడానికి. మేకకి అన్నీ అరుగుతాయనుకుని ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కంచె పీకక్కర్లేదు, కానీ దానికి ఆరేడు అడుగుల ఇవతల వల కట్టమని కాంట్రాక్టులో రాయించండి, మెడ సాచినా అందకూడదు. వాలు మీద ఎక్కడైనా విడిగా గన్నేరు మొక్క లేచి ఉందేమో కాపరితో కలిసి ఒకసారి నడిచి చూడండి, అజేలియా పొదలున్నా అంతే. తోటమాలి కంచె కత్తిరించి ఆ కొమ్మలు వాలు మీదికి విసిరేసే అలవాటుంటే మందకి ముందే ఏరించెయ్యండి, ఎండిపోయినా ఆ ఆకులో విషం పోదు.